ఒడ్డు వరుసలో నాన్న బెండు

దయ్యాలంటే నాకు భయం లేదు, ఓపిక అంతకన్నా లేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే "ఎన్ని గంటలకి? ఇంకెవరు చూశారు? లైటు ఉందా?" అని అడిగి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లే రకాన్ని. మా అమ్మ నన్ను "ఇనస్పెట్టరు" అని పిలుస్తుంది. ఇప్పుడు ఆ ప్రశ్నలన్నీ నన్ను నేనే అడుక్కుంటూ ఇది రాస్తున్నాను.

మాది పోర్ట్ బ్లెయిర్. ఊరి పేరు మార్చారు గానీ మాకు ఇంకా నోరు తిరగలేదు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మిడిల్ పాయింట్‌లో ఇల్లు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. నాన్న పట్టుబట్టి తెలుగు స్కూల్లో వేశాడు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

నాన్న పేరు అప్పన్న. యూనివర్సిటీవాళ్ళు ఇక్కడ సముద్ర పరిశోధన కేంద్రం పెట్టిన కొత్తలో అక్కడ రెండు గదులు, ఒక షెడ్డు, ఒక ఫైబర్ బోటు ఉండేవి. ఆ బోటు నడపడానికి నాన్నని పెట్టుకున్నారు. "సేపల్ని పట్టుకుని, కొలిచి, మళ్ళీ ఒదిలేత్తారంట" అని మొదటి వారమంతా ఇంటికొచ్చి నవ్వాడు. పోను పోను ఆ పనిలో ఆయనే పెద్ద మాస్టారైపోయాడు. ఏ నెలలో నీరు ఎటు లాగుతుందో, ఏ పగడపు దిబ్బ పక్కన లంగరు వెయ్యకూడదో సైంటిస్టులు ఆయన్నడిగి రాసుకునేవాళ్ళు.

డిగ్రీ అయ్యాక నేనూ అక్కడే ఫీల్డ్ ఆఫీసులో చేరాను. ఏ బోటులో ఎవరెళ్తున్నారు, ఎక్కడికి, ఎప్పుడొస్తారు, అన్నీ నా రిజిస్టరులో ఉండాలి. చివరి మనిషి ఒడ్డుకి వచ్చాక "అందరూ చేరారు" అని రాసి సంతకం పెట్టి అప్పుడు నేను ఇంటికెళ్ళాలి.

నా రిజిస్టరు కంటే ముందు నుంచీ షెడ్డులో నాన్న బోర్డు ఉంది. ప్లైవుడ్ చెక్క, రెండు వరుసల మేకులు. వల తేలడానికి కట్టే బెండ్లని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద ఒక్కొక్కరి పేరు పెయింటుతో రాసి, వల దారంతో వేలాడదీశాడు. కింది వరుస పేరు "నీళ్ళు". పై వరుస పేరు "వడ్డు". "నాన్నా, అది వడ్డు కాదు, ఒడ్డు" అంటే, "సదివితే అర్దమైందా నేదా?" అన్నాడు. అర్థమైంది. అలాగే ఉండిపోయింది.

బోటెక్కే ముందు ఎవరి బెండు వాళ్ళు కింది వరుసకి మార్చాలి. తిరిగొచ్చాక పై వరుసకి మార్చాలి. ఒకసారి ఒక ప్రొఫెసరు గారు మంచితనానికి పోయి తనతో పాటు ఒక విద్యార్థి బెండు కూడా పైకి మార్చేశారు. బోర్డు చూసి అందరూ వచ్చేశారనుకున్నాం. ఆ అమ్మాయి ఇంకా దిబ్బ దగ్గర నీళ్ళలోనే ఉంది, బోటు కోసం చూస్తూ. ఆ రోజు నాన్న ఆ ప్రొఫెసరు మీద అరిచిన అరుపు జెట్టీ దాకా వినిపించింది. "ఎవుడి బెండు ఆడే మార్చుకోవాల! ఇంకోడు ముట్టుకున్నాడా, నా బోటెక్కొద్దు!" అప్పట్నుంచి డైరెక్టరుతో సహా ఎవరూ వేరేవాళ్ళ బెండు ముట్టుకోలేదు.

ఇంకో పద్ధతి ఉండేది, అది మా ఇద్దరిదీ. బెండు మార్చాక నాన్న, షెడ్డులోకే తెరుచుకునే నా గది గుమ్మంలో నిలబడి "ఎల్లొస్తానమ్మా" అనేవాడు. నేను "ఎల్లిరా నాన్నా" అనాలి. అంటేనే కదిలేవాడు. వచ్చాక అదే గుమ్మంలో నిలబడితే నేను "వచ్చేశావా?" అనాలి. గంగమ్మ మీదకెళ్ళే మనిషిని మాట ఇవ్వకుండా పంపకూడదని మా నాయనమ్మ చెప్పేదట. నాకు నమ్మకం ఉండి కాదు, ఆయన కదలడు కాబట్టి అనేదాన్ని.

తర్వాత పెద్ద ప్రాజెక్టు వచ్చింది. వేరే దేశాల యూనివర్సిటీలు కలిశాయి. సముద్రంలో అక్కడక్కడా బోయాలు, అంటే లంగరేసిన తేలే యంత్రాలు, వేశారు. నీటి వేడి, అల ఎత్తు, ఉప్పు, అన్నీ కొలిచి అవి గంట గంటకీ కబురు పంపుతాయి. ఆ కబుర్లు దాచడానికి సర్వర్ గది, దాన్ని చల్లగా ఉంచడానికి ఏసీలు, ఏసీలకి జనరేటర్లు, జనరేటర్లకి షెడ్డు. సముద్రపు నీళ్ళు లాగే పైపులు, ట్యాంకులు, నలుగురున్న చోట నలభై మంది. గుట్ట మీద కొత్త బిల్డింగు లేచింది. బోర్డు బదులు గేటు దగ్గర కార్డు మిషను. నాకూ పదవి పెరిగింది. కడుపు నిండా గర్వంగా ఉండేది, ఎందుకు దాచాలి? రెండు గదులప్పటి నుంచీ ఉన్నదాన్ని కదా. నాన్న మాత్రం మెడలో కార్డు వేసుకుని, ఎవరూ చూడకుండా షెడ్డుకెళ్ళి బెండూ మార్చుకునేవాడు.

కొత్త బిల్డింగు ప్రారంభోత్సవానికి పది రోజులున్నాయనగా దూరాన ఉన్న బోయా కబుర్లు పంపడం మానేసింది. హాల్లో పెద్ద తెర మీద ఆ బోయా లెక్కలే చూపించాలి. దాన్ని బాగుచెయ్యడానికి నాన్న బోటు వెళ్ళాలి. వాతావరణం అంత బాగోలేదు, అలాగని వద్దనేంత చెడ్డగానూ లేదు. వెళ్ళొచ్చు అని ఫారం మీద సంతకం పెట్టింది నేనే.

ఆ పొద్దున్న సర్వర్ గది ఏసీ ఆగిపోయింది. నేను ఇంకా షెడ్డు పక్క గదిలోనే ఉన్నాను, ఫోన్లో కాంట్రాక్టరుతో హిందీలో పోట్లాడుతున్నాను. నాన్న గుమ్మంలోకి వచ్చి "ఎల్లొస్తానమ్మా" అన్నాడు. నేను ఆగమన్నట్టు చెయ్యెత్తాను. ఆగాడు. నేను ఏదో ఫైలు కోసం అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి గుమ్మం ఖాళీ. బోటు చప్పుడు వినిపించింది. సర్లే, వచ్చాక చెప్పొచ్చులే అనుకున్నాను.

బోయా తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుందట. నాన్న కత్తి పట్టుకుని దిగి తాడు కోశాడట. పెద్ద అల ఒకటి వచ్చి బోటుని పక్కకి నెట్టిందట. బోటులో ఉన్న ఇద్దరు పరిశోధకులకీ ఆయన చెయ్యి ఒక్కసారి కనిపించిందట, అంతే. ఇంతకు ముందు నాన్న నేర్పిన పుణ్యాన వాళ్ళు బోటు నడుపుకుంటూ రాగలిగారు. గేటు దగ్గర వాళ్ళ కార్డులు వాళ్ళు చూపించి లోపలికొచ్చారు. షెడ్డులో కింది వరుసలో నాన్న బెండు ఒక్కటే మిగిలింది.

ఐదు రోజులు వెతికారు. దొరకలేదు.

పదకొండో రోజు అమ్మ నన్నొక్కటే అడిగింది. "ఆ బెండు వొడ్డుకి మార్సీవే. ఎంతకాలమని నీళ్ళల్లో ఉంటాడు?" నేను మార్చలేదు. ఎవరి బెండు వాళ్ళే మార్చుకోవాలి. ఆయన రాకుండా వచ్చాడని రాయడం నా వల్ల కాలేదు. నాన్న వెళ్ళిన రోజు రిజిస్టరు పేజీకి కింద సంతకం లేదు, ఇప్పటికీ లేదు. మా అమ్మ మొండిదానా అని తిట్టింది, ఏడ్చింది. నేనూ ఏడ్చాను గానీ బెండు ముట్టుకోలేదు.

ప్రారంభోత్సవం మూడు నెలలు వెనక్కి పోయి, చివరికి జరిగింది. షెడ్డుకి అప్పటికే తాళం. తాళంచెవి నా బ్యాగులో ఉంది. రెండోది కొత్త బిల్డింగులో సెక్యూరిటీ భయ్యా దగ్గర గుత్తిలో ఉంటుంది. అమ్మని రమ్మంటే "ఆ బిల్డింగు నాను సూడ్ను" అంది.

దీపం వెలిగించారు. వరండాలో నాన్న ఫొటోకి దండ వేశారు, రెండు మంచి మాటలు చెప్పారు, అది నిజం. తర్వాత పెద్ద తెర వెలిగింది. నీలం గీత ఒకటి లేస్తూ పడుతూ కదులుతోంది. ఇది ఫలానా బోయా నుంచి ఈ క్షణాన వస్తున్న అల అని మైకులో చెప్పారు. నాన్న వెళ్ళిన బోయాయే, తర్వాత బాగుచేశారు. చప్పట్లు కొట్టారు. మా నాన్న మీదుగా వెళ్తున్న అల అది. నేను కూర్చోలేకపోయాను.

బయటికొచ్చి మెట్లు దిగి షెడ్డుకి వెళ్ళాను. కాసేపు ఆ బోర్డు ముందు కూర్చుందామని. పదకొండూ నలభై. ఫోను చూసుకున్నాను కాబట్టి తెలుసు. మంచి ఎండ. వారం నుంచీ వాన లేదు. తాళం వేసినట్టే ఉంది.

తలుపు తీయగానే కింది వరుస ఖాళీగా కనిపించింది. బెండు రాలిపోయిందనుకుని నేల మీద వెతికాను. లేదు. తలెత్తాను.

పై వరుసలో, మొదటి మేకుకి, ఎప్పుడూ ఉండే చోటే వేలాడుతోంది. అప్పన్న.

తడిగా ఉంది. దారం చివర నీటిబొట్టు నేను చూస్తుండగానే కింద పడింది. పక్కనున్న బెండ్ల మీద దుమ్ము, చుక్క తడి లేదు. వేలితో ముట్టుకుని నాలుక్కి రాసుకున్నాను. ఉప్పు. దారం మేకుకి రెండు చుట్లు చుట్టి ఉంది. మిగతావాళ్ళందరం ఊరికే తగిలించేవాళ్ళం. గాలికి పడకుండా రెండు చుట్లు చుట్టేది నాన్న ఒక్కడే.

నాకు భయం వెయ్యలేదు. ఒక్కటే తోచింది, అమ్మకి చూపించాలి. చేతిలో ఫోనుంది, ఫొటో తియ్యాలని కూడా తట్టలేదు. తలుపు వేసి, తాళం పెట్టి, రోడ్డు మీదకి పరిగెత్తి ఆటో ఎక్కాను.

అమ్మ చేపలు కడుగుతోంది. "అమ్మా, నాన్న బెండు" అన్నాను. చేతులు కొంగుకి తుడుచుకుని అలాగే వచ్చి ఆటోలో కూర్చుంది. పన్నెండుంబావుకి షెడ్డు దగ్గరున్నాం.

తాళం నేనే తీశాను. బెండు కింది వరుసలో ఉంది. "నీళ్ళు". రెండు చుట్లు. ఇంకా తడిగానే.

ఇన్‌స్పెక్టర్ని కదా, నేను బోర్డు మీద ఒక చెయ్యి, తాళం మీద ఒక చెయ్యి వేసి ఏదేదో చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ వినడం లేదు. నా పాత గది గుమ్మం వైపు చూస్తోంది. అక్కడ సిమెంటు మీద తడి. ఒక మనిషి కాసేపు నిలబడి కారితే ఎంతవుతుందో అంత. అమ్మ గొంతుక్కూర్చుని దాని మీద అరచెయ్యి పెట్టింది.

"నువ్వు సూసినప్పుడు ఏటన్నావే?" అని అడిగింది.

ఏమీ అనలేదన్నాను. నిన్ను తీసుకురావడానికి పరిగెత్తానన్నాను.

అమ్మకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. "మనిసొస్తే పలకరించాల కదే" అంది. అంతే. చెయ్యి అక్కడే ఉంచి చాలాసేపు కూర్చుంది. సిమెంటు మెల్లగా ఆరిపోయింది.

తర్వాత నేను చెయ్యాల్సిన పనంతా చేశాను. సెక్యూరిటీ భయ్యాని అడిగితే గుత్తి చూపించి, "దీదీ, సుబహ్ సే గేట్ పర్ హీ హూఁ, చాబీ యహీఁ హై" అన్నాడు, పొద్దున్నుంచీ గేటు దగ్గరే ఉన్నానని, తాళంచెవి ఇక్కడే ఉందని. గేటు దగ్గర కెమెరాలో ఆయన కదల్లేదు. పైకప్పు రేకులు చూశాను, చిల్లు లేదు. పైపు లైను షెడ్డులోకి రాదు. ఎవరైనా హాస్యానికి చేశారేమో అంటే, నాన్న బెండు మీద హాస్యమాడే మనిషి మా దగ్గర లేడు. నా మనసే నాకు అలా చూపించిందంటారా? కావచ్చు. పై వరుస మొదటి మేకు కింద ప్లైవుడ్ మీద బెండు సైజులో తెల్లటి ఉప్పు మరక ఉంది. అది ఇప్పటికీ ఉంది, కావాలంటే వచ్చి చూడండి.

వచ్చే నెల ఆ షెడ్డు తీసేసి అక్కడ కొత్త పంపు హౌస్ కడతారట. ప్లానులో నా సంతకం కూడా కావాలి. ఇంకా పెట్టలేదు. బోర్డుని పైకి తెచ్చి అద్దంలో పెడదామని డైరెక్టరు గారు అన్నారు. మంచి మనిషే. కానీ నాన్నకి ఆ బిల్డింగులో దారి తెలీదు.

రోజూ పదకొండూ నలభైకి తాళంచెవి తీసుకుని షెడ్డుకి వెళ్తున్నాను. కొలీగ్స్‌కి తెలుసు, ఏమీ అనరు. బెండు మళ్ళీ కదల్లేదు. బోర్డు ముందు నిలబడి పైకే అంటాను. ముందు "వచ్చేశావా నాన్నా?" అంటాను. కాసేపు ఆగి "ఎల్లిరా" అంటాను. రెండూ ఎందుకంటే, ఏది బాకీ పడ్డానో నాకు తెలీదు.

బెండు ఎలా కదిలిందో ఇప్పటికీ చెప్పలేను. అది తేలకపోయినా బతికేయగలను. ఆ రోజు నేను తాళం వేసి పరిగెత్తాక, ఆ గుమ్మంలో ఆయన ఎంతసేపు నిలబడ్డాడో, అదే ఆలోచిస్తూ ఉంటాను. నేను చెయ్యెత్తితే ఆగే మనిషి ఆయన. ఆ రోజు చెయ్యి కూడా ఎత్తలేదు నేను.