రెండు చప్పట్లు, ఒక నీలగిరి పావురం

మున్నార్ కొండల్లో పక్షులు చూడటానికి జంటగా వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. దారి, సమయం, ఖర్చు అన్నీ చెబుతాను. అక్కడ నేను చేసిన పని కూడా చెబుతాను. అదొక్కటీ మీరు చేయకండి.

ముందు నా ఉద్యోగం గురించి చెప్పాలి. మాది శంషాబాద్. పన్నెండేళ్ళుగా విమానాశ్రయంలో రన్‌వే చుట్టూ వాలే పక్షుల్ని తోలడం నా పని. దూరంగా ఉన్నవాటికి సైరన్, టపాకాయలు. దగ్గరగా వాలినవాటికి జీపు దిగి, చేతులు పైకెత్తి, గట్టిగా రెండు చప్పట్లు చాలు. పిట్ట ఇంజన్లో పడితే విమానంలో ఉన్నవాళ్ళ ప్రాణాలకే ముప్పు కాబట్టి ఈ పని మీద నాకెప్పుడూ చిన్నచూపు లేదు. కానీ నేను కట్టుకున్న రజితకు పక్షులంటే ప్రాణం. బడిలో సైన్సు పాఠాలు చెబుతుంది. పెళ్ళైన కొత్తలో మా ఇంటి వెనక ఒక కుంట ఉండేది, ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్ళు పాతారు. సాయంత్రం నేను ఇంటికి రాగానే కుంట మీద ఆ రోజు ఏ పిట్ట వాలిందో చెప్పేది. "పొద్దంత గా పిట్టలనే తోలి వచ్చిన, ఇగ ఇంట్ల గూడ అవేనా? జర ఊకో" అనేవాణ్ణి. అలా అనగా అనగా చెప్పడం మానేసింది. ఎప్పుడు మానేసిందో కూడా నేను గమనించలేదు.

ఈ మధ్య బీరువాలో ఏదో వెతుకుతుంటే ఆమె పక్షుల నోటుబుక్కు దొరికింది. పక్షి పేరు, తేదీ, చోటు, చూసినవారు అని గళ్ళు గీసి ఉన్నాయి. మొదటి పేజీలో నీలగిరి అడవి పావురం అని రాసి, కింద రెండు గీతలు గీసి, మిగతా గళ్ళన్నీ ఖాళీగా వదిలేసింది. మున్నార్ లాంటి చోట్ల, మేఘాలు దిగే కొండ అడవుల్లో మాత్రమే ఉండే పావురం అది. మెడ వెనక చదరంగం బల్లలాంటి నలుపు తెలుపు గళ్ళు ఉంటాయట. ఆ రాత్రే సెలవు అడిగి, నవంబరు చివరికి టిక్కెట్లు తీశాను. ఆమె ఆ పావురాన్ని చూడాలి, చూసి మళ్ళీ నాకు చెప్పాలి. నా ఆశ అంతే.

పొద్దున ఏడింటి విమానం. మా వీధిలో క్యాబ్ నడిపే యాదన్న ఐదింటికే దింపాడు. "ఏంది అన్నా, పావురాన్ని సూడనీకి కేరళ పోతున్నవా? మా మేడ మీద ఇరవై ఉన్నయి, వచ్చి తోల్కపో" అన్నాడు. రజిత చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వింది. కొచ్చికి గంటన్నర ప్రయాణం. అక్కడి నుంచి మున్నార్ దగ్గర మా బసకు కారులో నాలుగున్నర గంటలు, కిరాయి నాలుగు వేలు. బస్సులో చవకే గాని సామానుతో ఇబ్బంది. అడిమాలి దాటాక దారి వంకరలు తిరుగుతుంది, కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు ముందు సీట్లో కూర్చోండి. ఏలకుల తోట మధ్య చిన్న ఇంట్లో గది తీసుకున్నాం, రెండు పూటల భోజనంతో రోజుకు రెండున్నర వేలు. వంట చేసే అక్క, బియ్యప్పిండి ఆవిరి మీద ఉడికించే పుట్టు, శనగల కూర పెట్టి, మేం తినేదాకా పక్కనే నిలబడింది.

పక్షులు చూపించే సెల్వం సాయంత్రం వచ్చాడు. సగం హిందీ, సగం సైగలు. పొద్దున నాలుగు గంటలు తిప్పడానికి ఇద్దరికీ కలిపి రెండు వేలు. జలగలు ఎక్కకుండా మోకాళ్ళ దాకా గుడ్డ మేజోళ్ళు కూడా ఇచ్చాడు. అతను పెట్టిన నియమం ఒక్కటే. ముందు చూసినవాళ్ళు మాట్లాడకూడదు, వేలు చూపించకూడదు, పక్కవాళ్ళ భుజం మీద మెల్లగా చెయ్యి వేయాలి. "ఒకసారి చేసి చూపించండి" అన్నాడు. రజిత నా భుజం మీద చెయ్యి వేసింది. నేను నవ్వి, "నాకు తెల్వదా ఏంది, పన్నెండేండ్లు పిట్టలతోనే ఉన్న" అన్నాను.

మర్నాడు ఆరున్నరకు అడవిలో ఉన్నాం. మేఘం చెట్ల మధ్యకు దిగి కూర్చుంది. నాచు పట్టిన కొమ్మల నుంచి నీళ్ళు కారుతున్నాయి, పది అడుగుల అవతల ఏమీ కనిపించదు. గంటసేపు పిట్టల కూతలే తప్ప పిట్టలు లేవు. ఎడమ వైపు ఏదో కదిలితే రజిత బైనాక్యులర్ అటు తిప్పింది. సరిగ్గా అప్పుడు కుడి వైపు, నా ముందు, తల ఎత్తు కొమ్మ మీద పెద్ద పావురం ఒకటి రెక్కలు టపటపలాడిస్తూ వచ్చి వాలింది.

నా చేతులకు అది శంషాబాద్ కాదని తెలియలేదు. పైకి లేచాయి. గట్టిగా రెండు చప్పట్లు పడ్డాయి.

సెల్వం తల వంచుకున్నాడు. రజిత ఇటు తిరిగేసరికి కొమ్మ ఊగుతోంది, నీటిబొట్లు రాలుతున్నాయి.

"ఏందది?" అంది.

"పావురం."

ఆమె కాసేపు ఆ కొమ్మనే చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. దగ్గరికి వచ్చి, "పోనీ నువ్వన్న చూసినవు గద. ఎట్లుండె? మెడ మీద గళ్ళు కనిపించినయా?" అని అడిగింది.

చెప్పాలని నోరు తెరిచాను. మా డ్యూటీ రిజిస్టర్లో మేం రాసేవి మూడే సంగతులు. ఏ పిట్ట, ఎన్ని, ఎటు పోయింది.

"ఒక్కటే ఉండె," అన్నాను. "తూర్పు దిక్కు పోయింది."

"మెడ?"

"చూడలే."

తర్వాతి రెండు పొద్దులూ అదే చెట్టు కింద నిలబడ్డాం. నా చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. పావురం రాలేదు. తిరుగు ప్రయాణంలో విమానం శంషాబాద్‌లో దిగుతుంటే, పక్క సీట్లో రజిత నోటుబుక్కు తీసి ఆ మొదటి పేజీ నింపింది. తేదీ, చోటు రాసింది. చూసినవారు అన్న గడిలో నా పేరు రాసి మూసేసింది.

అడవి అందంగా లేదా అంటే, ఉంది. వెళ్ళండి. కానీ పన్నెండేళ్ళు పక్షుల మధ్యే గడిపి ఒక్క పిట్టనూ చూడలేదని నాకు తెలిసింది అక్కడే. కుంట మీద వాలిన పిట్టల గురించి రజిత చెప్పినన్నాళ్ళూ వినకపోవడం కూడా ఆ చప్పట్ల లాంటి పనే. ఆ రోజులు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఇక జంటగా వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: భుజం మీద చెయ్యి వేయడం అడవిలో నేర్చుకునేది కాదు, బయల్దేరడానికి నెల ముందు నుంచీ ఇంటి మేడ మీదే ఇద్దరూ కలిసి అలవాటు చేసుకోండి. నేనిప్పుడు డ్యూటీలో తోలే ముందు ఒక్క క్షణం పిట్టను చూస్తున్నాను. ముక్కు రంగు, కాళ్ళ రంగు, మెడ గుర్తుపెట్టుకుని, సాయంత్రం ఇంటికి రాగానే రజితకు చెబుతున్నాను. ఆమె వింటుంది. తను చూసిన పిట్ట గురించి మాత్రం ఇంకా చెప్పడం లేదు.