కప్ప నోటితో నీళ్లు తాగదు

మా అన్నకు పెళ్లయిన ఏడే మా వైపు వానలు మొహం చాటేశాయి. మార్కాపురం తాలూకాలో వానలు ఎగ్గొట్టడం కొత్తేమీ కాదు. కానీ నింద వేయడానికి ఊరికి ఎవరో ఒకరు దొరకాలి కదా, మా వదిన దొరికింది. ఆమె అడుగుపెట్టిన వేళ మంచిది కాదని బావి దగ్గర మొదలైన గుసగుస మా గడప దాకా వచ్చింది. అమ్మ విననట్టే ఉండేది. నాకు ఒళ్లు మండేది.

అప్పట్లో నేను మద్రాసులో ఇంటర్మీడియట్ చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాను. ఆ ఏడు జంతుశాస్త్రంలో నేను నేర్చుకున్నదంతా కప్పే అంటే అబద్ధం కాదు. దానికి పక్కటెముకలు లేవు. మనలాగా రొమ్ము పొంగించి గాలి పీల్చలేదు. నోట్లోకి తీసుకున్న గాలిని, గొంతు అడుగును పైకి నొక్కి ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. అందుకే దాని గొంతు ఎప్పుడూ ఎగిరెగిరి పడుతుంటుంది. ముద్ద మింగేటప్పుడు కళ్లను కూడా లోపలికి లాక్కుంటుంది. ఈ సంగతి చెబితే మా అన్న, "నువ్వు సంగటి మింగేటప్పుడు గూడా అంతే గదరా," అన్నాడు.

మృగశిర దాటినా చినుకు లేదు. ఆడవాళ్లు కప్పతల్లిని ఊరేగించాలనుకున్నారు. ఒక కప్పను పట్టి, పసుపు రాసి, వేపమండలతో కలిపి రోకలికి కడతారు. ఇద్దరు చెరో కొస భుజాన పెట్టుకుని పాడుతూ ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇల్లాలూ కప్ప మీద చెంబెడు నీళ్లు పోస్తుంది. ఊరంతా జేజి అని పిలిచే ముసలామె, కావాలనే రోకలి ముందు కొసను మా వదిన భుజానికెత్తింది. కప్ప చివరి ఇంటి దాకా బతికి ఉంటే వాన వస్తుంది. దారిలో చస్తే ఆ పాపం మోసినవాళ్లది. ఇక మా వదిన ఆ ఊళ్లో తలెత్తుకు తిరగాలంటే ఆ కప్ప బతకాలి.

ఆ ఏడు ఎవరింట్లో మాత్రం నీళ్లెక్కడివి? చెంబెడు పోయాల్సినవాళ్లు వేళ్లతో చిలకరించి ఊరుకున్నారు. ఎండ చుర్రుమంటోంది. వెనకాలే నడుస్తూ నేను కప్ప గొంతునే చూస్తున్నాను. సగం ఊరు తిరిగేసరికి అది ఆగి ఆగి కదులుతోంది. ఒంటిమీద పసుపు ఎండి పెచ్చులు కట్టింది. ఆడవాళ్లు కంగారుగా రోకలి దించారు. ఎవరో ఉగ్గుగిన్నె తెచ్చి దాని నోట్లో నీళ్లు పోయబోయారు. అది నోరు తెరవలేదు.

"అది నోటితో తాగదు జేజీ! కడుపు కింది తోలుతో తాగుతాది. ఊపిరి గూడా కొంత తోలుతోనే. పసుపు కడిగి తడిగుడ్డలో పెట్టండి," అని అరిచాను.

"మద్రాసులో నీకు నేర్పింది ఇదేనా? కట్టినాక కడ ఇల్లు చూడకుండా విప్పగూడదు," అంది జేజి.

వదిన నా వైపు తిరిగింది. "నిజమేనా అబ్బయ్యా?"

"నిజం వదినా."

ఆమె ఇంకెవరినీ అడగలేదు. కట్టు విప్పేసింది. చెంబులో మిగిలిన నీళ్లతో పసుపు కడిగి, కొంగు తడిపి, కప్ప కడుపు తడికి ఆనేలా అందులో కూర్చోబెట్టింది. నాకు భయం పట్టుకుంది. కాలేజీలో నేను కోసినవన్నీ చచ్చిన కప్పలు. చావబోయేదాన్ని బతికించడం నాకెవరూ నేర్పలేదు. ఇది పోతే వదినను నేనే ముంచినవాణ్ణవుతాను. చాలాసేపటికి కప్ప గొంతు ఒకసారి ఎగిరింది. కాసేపటికి మళ్లీ ఎగిరింది.

మిగతా ఇళ్లన్నీ వదిన దాన్ని కొంగులోనే తిప్పింది. చివర్లో బావిలో వదిలితే కాళ్లు చాచి ఈదుకుంటూ పోయింది.

వాన మాత్రం రాలేదు. ఆ వారమూ రాలేదు, పై వారమూ రాలేదు. కట్టు విప్పింది కాబట్టే రాలేదన్నారు. నా చదువు కప్పను బతికించి వదినకు నింద తెచ్చిపెట్టిందని నామీద నాకే కోపం వచ్చింది. వదిన మాత్రం ఎప్పట్లాగే పిలిచి సంగటి పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

నేను మద్రాసు బయల్దేరే ముందురోజు వాన పడింది. వాగు పారేంత వాన. రానందుకు వదినను అన్న నోళ్లలో ఒక్కటి కూడా, వచ్చినందుకు ఆమె పేరెత్తలేదు. సాయంత్రం జేజి తడుస్తూ వచ్చి మా గుమ్మంలో నిలబడింది. కాసేపు వాన సంగతే మాట్లాడింది.

"మళ్లీ ఇట్లాంటి ఏడు వస్తే అప్పుడు గూడా నువ్వే మొయ్యాల అమ్మీ," అంది చివరికి.

వదిన చేటలో విత్తనాల్లోంచి రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"మోస్తాలే జేజీ," అంది. "రోకలికి కట్టను మాత్రం."