మేస్త్రి వీపు మీద పాట

హోటళ్లలో నాణెం వేస్తే పాడే పాటల పెట్టెలు బాగుచేసే మేస్త్రికి చెవుడు వచ్చిందన్న సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు మేస్త్రి, రెండోవారు ఆయన భార్య. మొదట వాన చప్పుడు పోయింది, తర్వాత తలుపు కొట్టిన చప్పుడు, తర్వాత ఆమె పిలుపు. చివరికి పాట కూడా పోయింది. పాటలు బాగుచేసేవాడికి చెవుడంటే జనం నవ్వుతారు, ఒకసారి నవ్వాక ఇంకెవరూ పనికి పిలవరు. అదీ ఆయన భయం.

అందుకని పనికి వెళ్లేటప్పుడు ఆమెను వెంటబెట్టుకు పోయేవాడు. అడిగినవాళ్లకు "ఇంట్లో ఒక్కతీ ఉంటే దానికి తోచదండీ" అని చెప్పేవాడు. తోచకపోవడమట! ఆ ఇల్లాలికి కూర్చోవడానికి తీరికెక్కడ? సగం కుట్టిన బట్టలు మిషను మీదే వదిలేసి వచ్చేది. పెట్టె పాడుతుంటే ఆయన వెనక నిలబడి, పాట బాగుంటే భుజం మీద ఒకసారి తట్టాలి. తేడా ఉంటే రెండుసార్లు. ఇదీ వాళ్ల ఒప్పందం.

పెళ్లయిన కొత్తలో ఆయన ఆమెతో చెప్పిన తియ్యని కబుర్లన్నీ ఈ పెట్టె గురించే. ఒక హోటల్లో అద్దం మూత ఎత్తి చూపించాడు.

"నాణెం పడిందా, లోపల మీట దిగుతుంది. ఇనప బిళ్ల వేసి మోసం చేద్దామనుకుంటే అయస్కాంతం పట్టేస్తుంది. నువ్వు బొత్తాం నొక్కగానే ఆ పాట దగ్గర చిన్న పుల్ల బయటికొస్తుంది. రికార్డుల వరస వెంట నడిచే ఈ చిన్న బండికి పాట ఎక్కడుందో తెలీదు పాపం. పట్టాల మీద వెతుక్కుంటూ పోతుంది. పుల్ల తగిలితే టక్కున ఆగి, రికార్డుని పైకెత్తి, నిలువుగా పట్టుకుని తిప్పుతుంది."

"మరి పాట అయిపోయిందని దానికెలా తెలుస్తుందండీ?"

"చివరి గీతలో ముల్లు గబుక్కున లోపలికి జారుతుంది. ఆ జారుడికి ఇంకో మీట పడుతుంది. రికార్డు దాని చోటికి, పుల్ల దాని చోటికి. పెట్టె అంతా మర్చిపోతుంది."

వేరే మాటలేమైనా వస్తాయేమోనని ఆమె చాలాసేపు చూసింది. రాలేదు. అయినా ఆ మనిషి ఆమెకు నచ్చాడు.

ఆయన చెప్పినదంతా కంటికి కనబడేదే, చేతికి తగిలేదే. కాబట్టి చెవులు పోయినా పని నడిచింది. ఊళ్లో పెట్టెలు ఒక్కొక్కటే పాత ఇనుములోకి పోయి, స్టేషను ఎదురుగా ఉన్న హోటల్లో ఒక్కటి మిగిలింది. ఒకరోజు అది మొండికేసింది. బండి పుల్ల దగ్గర ఆగకుండా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతోంది. మేస్త్రి పొద్దుటి నుంచీ నేల మీద కూర్చుని అరిగిన తీగ మార్చాడు, పట్టాలు తుడిచాడు. చివరికి బండి ఆగింది, రికార్డు లేచింది, ముల్లు ఆనింది. ఆయన ఆమె మొహంలోకి చూశాడు.

పాట సాగదీసినట్టు వస్తోంది. పాడే ఆడమనిషి గొంతు మొద్దుబారి మగగొంతులా వినిపిస్తోంది. మోటారులో పాత గ్రీజు గడ్డకట్టి, రికార్డు ఉండాల్సిన దానికంటే నెమ్మదిగా తిరుగుతోంది. తిరుగుతున్న రికార్డులో ఆ తేడా కంటికి ఆనదు. రెండుసార్లు తట్టాలని ఆమె చెయ్యెత్తింది. కానీ ఆయన మొహంలో ఆ ఆశ చూశాక మనసొప్పలేదు. హోటలాయన బయటెక్కడో ఉన్నాడు, ఈ పూటకి గడిచిపోతే రేపు చూసుకోవచ్చులే అనుకుంది. ఒక్కసారే తట్టింది.

మేస్త్రి మూత వేసి, అద్దం తుడిచి, సామాను సర్దుకున్నాడు. ఈలోగా హోటలాయన వచ్చి తనే ఒక నాణెం వేశాడు. పాట మొదలైంది. అప్పుడే వచ్చి టీ తాగుతున్నవాళ్లలో ఒకడు "పాటకి జ్వరమొచ్చిందిరోయ్!" అన్నాడు. అందరూ ఫక్కున నవ్వారు.

మేస్త్రి వాళ్ల నోళ్లు చూశాడు. పెట్టె బాగుపడిందని సంతోషిస్తున్నారనుకున్నాడు. తనూ నవ్వాడు. నిండుగా, వాళ్లందరి కంటే ఎక్కువగా నవ్వాడు.

ఆమె ఇక చూడలేకపోయింది. నలుగురూ చూస్తుండగానే వెళ్లి ఆయన భుజం మీద రెండుసార్లు తట్టింది.

ఆయన నవ్వు ఆగింది. పెట్టె వైపు చూశాడు, జనం వైపు చూశాడు, ఆమె వైపు తిరిగాడు.

"ఇందాక కూడా ఇలాగే ఉందా?"

ఆమె తలూపింది.

"అబద్ధం చెప్పావన్నమాట" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అంతకంటే ఒక దెబ్బ కొట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

ఆయన హోటలాయన వైపు తిరిగాడు. "నాకు చెవులు వినబడవండీ. చాలాకాలమైంది. ఈ పెట్టెకి ఇంకో మనిషిని చూసుకోండి. ఇవాళ్టి పని మాత్రం పూర్తిచేసే పోతాను."

ఎవరూ నవ్వలేదు. మేస్త్రి మళ్లీ నేల మీద కూర్చుని, మోటారు విప్పి, గడ్డకట్టిన గ్రీజు గీకి, పల్చటి నూనె వేశాడు. వేగం సరిపోయిందో లేదో మాత్రం ఎలా తెలుస్తుంది? ఆమె దగ్గరికి జరిగింది.

"ఈ పాట నాకొచ్చండీ" అంది, పెదవులు కనబడేలా. "నేను మీ వీపు మీద తాళం వేస్తాను. మీరు పెట్టె మీద చెయ్యేసి చూసుకోండి. ఈసారి అబద్ధం చెప్పను."

ఆయన పాట పెట్టి, పెట్టె చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. ఆమె పాటను లోపల్లోపల పాడుకుంటూ, దాని అసలు నడకలో వీపు మీద తట్టింది. మొదటిసారి చెక్క అదురు వెనకబడింది. మళ్లీ విప్పాడు, మళ్లీ తుడిచాడు. ఈసారి పాట పెట్టాక వీపు మీద పడే తాళం, అరచేతికి తగిలే అదురు ఒక్కటిగా నడిచాయి. పాడే ఆడమనిషి గొంతు హోటలంతా నిండింది.

పాట అయిపోయింది. రికార్డు దాని చోటికి పోయింది. పెట్టె మీద నుంచి ఆయన చెయ్యి తీశాడు. ఆమె కూడా తీయబోయింది.

"ఆపకే" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "ఇది వినబడుతోంది."