స్పేరు రాలేదమ్మా

మాచర్ల బస్టాండు ఎదురుగా నాది ఫ్యాన్సీ షాపు. గాజులు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు. పక్క కొట్టు హబీబుల్లాది, సెల్‌ఫోన్ రిపేరు. మా ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ. అతను తుమ్మినా నాకు వినపడుతుంది, నేను బేరం తెగక ఎవరినైనా విసుక్కున్నా అతనికి వినపడుతుంది. నన్ను రత్నమక్కా అంటాడు. నేను హబీబూ అంటాను.

వాళ్ళ నాన్న ఆ కొట్లోనే రేడియోలు బాగుచేసేవాడు. హబీబు టేపురికార్డర్లతో మొదలుపెట్టి, టీవీలు దాటి, సీడీ ప్లేయర్లు దాటి ఫోన్ల దగ్గరకొచ్చాడు. పనిమంతుడే. నోరు మాత్రం ఊరుకోదు. స్క్రూ విప్పుతూ ఒక కథ, బిగిస్తూ ఇంకో కథ. ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు అది బాగైన తర్వాత కూడా కాసేపు కూర్చునేవాళ్ళు. నా షాపు ముందు దారికి అడ్డమని నేను గొణుక్కునేదాన్ని.

ఆ కథలు చెప్పే నోటిని ఊళ్ళో తల్లిదండ్రులు బాగా వాడుకున్నారు. పిల్లలు ఫోను వదలకపోతే, ఛార్జింగ్ ఎక్కడం లేదనో మాట వినపడటం లేదనో వంక పెట్టి ఆ ఫోను పట్టుకొచ్చేవాళ్ళు. కౌంటరు మీద పెట్టి, అటూ ఇటూ చూసి, "భాయ్, పరీక్షలయ్యేదాకా స్పేరు రాలేదని చెప్పు" అనేవాళ్ళు. హబీబు దాన్ని స్విచాఫ్ చేసి సొరుగులో వేసేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. మార్చి వచ్చిందంటే ఆ సొరుగు మూతపడేది కాదు.

"పిల్లల్ని బాగుచేస్తన్నానక్కా, పుణ్యం" అనేవాడు.

"బాగున్న ఫోన్లను పాడైనయ్యని చెప్పి పుణ్యం మూటగట్టుకునేవాణ్ణి నిన్నే చూశా" అనేదాన్ని.

అన్నానే గానీ నిజం చెప్పొద్దూ, నాకూ ఆ పని నచ్చేది. ఈ కాలం పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారని నాకు మహా మంట. నేను షాపులో కూర్చుని పొద్దస్తమానం ఫోన్లో సీరియళ్ళు చూస్తానంటారా, ఆ సంగతి వేరు. నేను రాయాల్సిన పరీక్షలేవీ లేవు.

ఇప్పుడు హబీబు ఆ పని చేయడం లేదు. ఎవరైనా ఫోను తెచ్చి గుసగుసలాడితే, పిల్లలనీ పెద్దలనీ కలిపి కూర్చోబెట్టి, రాత్రి ఎన్నింటికి ఇద్దరి ఫోన్లూ పక్కన పెడతారో వాళ్ళ నోటితోనే చెప్పించి పంపుతాడు. సగంమంది పెద్దలు ఆ మాటకే ముఖం మాడ్చుకుని పోతారు. పోనీ. పాత పద్ధతి ఎందుకు మానేశాడో నేను కళ్ళారా చూశాను.

మొన్న డిసెంబరులో దుర్గి నుంచి మస్తాన్‌రావు వచ్చాడు. మిరప రైతు. కూతురు వర్షిణి మాచర్లలో ఇంటర్ రెండో సంవత్సరం, రోజూ బస్సులో వచ్చిపోతుంది. పిల్ల దుప్పటి కప్పుకుని రాత్రంతా ఫోను చూస్తోందని, పొద్దున లేవడం లేదని, మార్కులు పడిపోయాయని చెప్పాడు. చెప్తున్నంతసేపూ తన ఫోనులో మిరప ధరల వీడియో ఆపలేదు. హబీబు పిల్ల ఫోను సొరుగులో వేసి, పరీక్షలయ్యేదాకా బయటికి తీయనని మాటిచ్చాడు.

మర్నాడు సాయంత్రం నుంచి వర్షిణి రావడం మొదలుపెట్టింది. కాలేజీ అయ్యాక, దుర్గి బస్సు వచ్చేలోపు కొట్టు ముందు నిలబడేది.

"వచ్చిందా అంకుల్?"

"యాడమ్మా, పార్సిల్ రైల్లో వేశారంట. నడికుడిలో బండి మారడం మర్చిపోయింది."

ఇంకో రోజు అడిగితే, "దొరికిందంట. సాగర్ బస్సెక్కించారు. ఆ కండక్టరు మాచర్లలో దించకుండా విజయపురి సౌత్ దాకా తీసకపోయాడు. డ్యాము చూసుకుని నిదానంగా వచ్చుద్దిలే" అన్నాడు.

"మీ పార్సిల్ కంటే నేనే నయం అంకుల్. దిగాల్సినకాడ దిగుతా" అంది ఆ పిల్ల. హబీబు పడీపడీ నవ్వాడు. గోడకు ఇవతల నేనూ నవ్వాను. దీటుగా మాట్లాడే పిల్లలంటే నాకు ఇష్టం.

రానురాను ఆ మాటలు తగ్గిపోయాయి. వచ్చినప్పుడల్లా నా షాపులో క్లిప్పు పెట్టుకుని అద్దంలో చూసుకునే పిల్ల, అద్దం వైపు రావడమే మానేసింది. కళ్ళకింద నలుపు. ఒకరోజు క్యారేజీ విప్పి, అమ్మ పెట్టిన అన్నం పెట్టినట్టే వీధికుక్క ముందు పోసింది.

మస్తాన్‌రావు మాత్రం పురుగుమందుల కోసం వచ్చి, సంబరంగా కొట్టులోకి తొంగిచూశాడు. "భాయ్, నీ మందు బ్రమ్మాండంగా పనిచేసింది. పిల్ల నోరెత్తడంలా. చెప్పిన మాటల్లా వింటంది."

ఆ పూట హబీబు ఎవరికీ ఏ కథా చెప్పలేదు. చివరికి గోడ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఫోను లాక్కుంటే పిల్లలు తిడతారు, ఏడుస్తారు, బేరాలాడతారు. అట్టా ఉన్నంతకాలం నాకు బయంలేదు. ఈ పిల్ల నిన్న వచ్చి నిలబడి, ఏమీ అడక్కుండానే పోయింది."

"అయితే ఇచ్చెయ్."

"ఇస్తే మళ్ళా రాత్రిళ్ళు మేలుకుంటది. ఇయ్యకపోతే ఇట్టా అయిపోతంది. వాళ్ళ నాన్నకు మాటిచ్చా. ఏం జెయ్యమంటావు?"

"నాకు తెలిస్తే నేను గాజులెందుకు అమ్ముకుంటా?" అన్నాను. అన్నానే గానీ ఆ పూట నాకు సీరియల్ పెట్టబుద్ధి కాలేదు.

ఆ మరుసటి రోజు వర్షిణి వచ్చి కొట్టు మెట్టు మీద కూర్చుంది. దుర్గి బస్సు వచ్చింది. లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది. ఇక హబీబు ఉండబట్టలేకపోయాడు. సొరుగులోంచి ఆమె ఫోను తీసి ముందు పెట్టాడు.

"దీనికేం కాలేదమ్మా. బాగానే ఉంది. మీ నాన్న అడిగాడని నేనే అబద్ధం చెప్పా."

ఆ పిల్ల ఫోనును ముట్టుకోలేదు. "తెలుసంకుల్" అంది.

"ఏంది తెలుసు?"

"మా క్లాసులో అందరికీ తెలుసు. హబీబ్ అంకుల్ కాడ ఫోనుందంటే ఇంట్లో దొరికిపోయారని లెక్క."

అప్పుడు హబీబు ముఖం చూసి తీరాలి. ఊళ్ళో పిల్లలంతా తన కథలు నమ్ముతున్నారని ఇన్నేళ్ళూ మురిసిపోయిన మనిషి.

"మరి రోజూ ఎందుకొచ్చావమ్మా?"

"ఇయ్యాల ఏం చెప్తారో విందామని. రోజు మొత్తంలో మార్కులు గాకుండా నాతో ఇంకోటి మాట్లాడేది మీరే." కౌంటరు మీది ఫోను వైపు చూసింది. "ఫోనున్నప్పుడు రాత్రిళ్ళు ఎవరెవరివో చూస్తా కూచునేదాన్ని. అందరూ బాగుండారు, నేనే ఎందుకూ పనికిరాననిపించేది. ఇప్పుడు చూసేదానికి ఫోను లేదు. అనిపించేది మాత్రం పోలా."

నాకు ఏడుపొచ్చింది. గాజుల పెట్టె సర్దుతున్నట్టు లోపలికి తిరిగాను.

హబీబు ఫోన్ చేస్తే మస్తాన్‌రావు బండి మీద వచ్చాడు. కౌంటరు మీద కూతురి ఫోను చూడగానే అతనికి కోపం వచ్చింది.

"ఏంది భాయ్, తీసిచ్చావా? పరీక్షలయ్యేదాకా అనుకున్నాం గదా. బస్సు తప్పిపోయిందంటే నేను పనొదులుకుని వచ్చా. రేపు పొద్దున్నే చేనుకు మందు కొట్టాల."

"అనుకున్నాం. ఇద్దరం తప్పే అనుకున్నాం. పిల్ల అన్నం తినడంలా, నీకు తెలుసా?"

"దారికొచ్చిందనుకుంటన్నా నేను."

"దారికి రాలా. లోపల్లోపల కుంగిపోతంది. నరసరావుపేటలో ఇట్టాంటివి చూసే డాక్టరమ్మ ఉంది. తీసకపో."

"పిచ్చి డాక్టరా?" అన్నది మస్తాన్‌రావు కాదు, నేను. నోరు జారింది.

హబీబు నన్ను కసురుకున్నాడు. "జొరమొస్తే పోతాం, కాలిరిగితే పోతాం. మనసు బాగోకపోతే పోగూడదా? నువ్వూరుకో అక్కా." నేను ఊరుకున్నాను. అలా ఊరుకోవడం నా జన్మలో అరుదు.

ఇంతలో మస్తాన్‌రావు ఫోను మోగింది. అలవాటుగా జేబులోంచి తీశాడు.

"నాన్నా" అంది వర్షిణి. "అది పక్కన బెట్టు. నాతో మాట్లాడు."

గట్టిగా అనలేదు. అతను మోగుతున్న ఫోనును ఆపి జేబులో వేసుకున్నాడు. చేలో కూలీలను ఒక్క కేకతో అదిలించే మనిషి గొంతు తగ్గించాడు.

"నాకేం మాట్లాడాల్నో తెలవదమ్మా" అన్నాడు. "నాకు తెలిసింది మిరప చేనొక్కటే."

"అదే చెప్పు."

మస్తాన్‌రావు వచ్చి మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. "పై చేలో నల్ల తామర పురుగు పడిందమ్మా. ఇంతే ఉంటది" అని గోటి చివర చూపించాడు. "పూతలో దూరి తింటది. దూరాన్నించి చూస్తే చెట్టు పచ్చగానే ఉంటది. మనం బాగుందిలే అనుకుని..."

అక్కడ ఆగిపోయాడు. కూతురి ముఖంలోకి చూశాడు, ఆ కళ్ళకింద నలుపును అప్పుడే చూస్తున్నట్టు.

"రేపు మందు కొట్టకపోతే పోనీ" అన్నాడు. "పొద్దున్నే నరసరావుపేట పోదాం తల్లీ."