చిరుతకు ఎంత దూరంలో నిలబడాలి

2022 జూన్. చిత్తూరు వైపు తోతాపురి కాయలు కోతకొచ్చి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన రోజులు. తిరుపతిలో ఉంటూ అడవి జంతువులకు వైద్యం చేయడం నా ఉద్యోగం. ఆ ఉదయం పుత్తూరు అవతల ఒక మామిడి తోట నుంచి కబురొచ్చింది. అడవిపందుల కోసం కంచెకు కట్టిన తీగ ఉచ్చులో చిరుత పడింది. నడుముకు తీగ బిగిసింది. బతికే ఉంది.

నేను మందుల పెట్టె సర్దుకుంటుంటే రేంజర్ మేడమ్ ఫోన్‌లో ఇంకో మాట చెప్పారు. "జయచంద్ర గారినీ రమ్మన్నాం, డాక్టర్ గారూ. ఆయన గురి సంగతి మీకు తెలుసు కదా."

తెలుసు. నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

జయచంద్రా నేనూ చిత్తూరులో ఒకే తరగతిలో చదువుకున్నాం. ఎన్‌సీసీ కాల్పుల్లో అతని గుండ్లు నల్లచుక్కలో పడేవి, నావి వెనకాల ఇసుక కట్టలో పడేవి. తర్వాత నేను పశువైద్యం చదివాను. అతను తాతల తోటలు చూసుకుంటూ రైఫిల్ క్లబ్బులో పతకాలు తెచ్చుకున్నాడు. చిరుత ఊళ్ల దగ్గరికొస్తే మత్తు సూది పేల్చడానికి అప్పుడప్పుడు అతన్ని పిలిచేవాళ్లు. మందు లెక్క నాది, జంతువు ప్రాణం నా పూచీ, పేపర్లో ఫొటో అతనిది. ఆకుపచ్చ టోపీ, మెలితిప్పిన మీసం, ముందర నిద్రపోతున్న చిరుత. ఆ ఫొటోల అంచున ఒక మోచెయ్యి కనిపిస్తుంది చూడండి, అది నేను. ఈర్ష్య అనే మాటకు అర్థం నిఘంటువులో వెతుక్కోవలసిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

అంతకు ముందు ఏడాది, నేను సెలవులో ఉన్నప్పుడు, గుట్ట మీదున్న ఒక చిరుతను అతను అరవై మీటర్ల నుంచి మత్తు సూదితో కొట్టాడు. వీడియో జిల్లా అంతా తిరిగింది. కొట్టాక అతను జనం ముందర అడుగులేసి దూరం కొలిచి చూపించాడు. అది వాళ్ల ఇంటి ఆచారం. వాళ్ల తాత వేటాడే కాలంలో, తుపాకీ పేల్చిన చోటి నుంచి జంతువు పడిన చోటి దాకా పదిమంది చూస్తుండగా అడుగులు వేయించేవాడట. ఆ తాత మొసలి మీద కాలు పెట్టి నిలబడిన ఫొటో ఇప్పటికీ వాళ్ల హాల్లో ఉంది. కృష్ణా నది దాకా పోయి, అక్కడ ఒక పాయకు ఈ గట్టు నుంచి ఆ గట్టు మీదున్న మొసలిని రెండు వందల గజాల దూరంలో కొట్టాడని చెబుతారు. చిన్నప్పుడు అదే ఫొటో కింద కూర్చుని నేను విన్నప్పుడు అది నూరు గజాలే. తాత పోయాక మొసలి ఇంకో నూరు గజాలు వెనక్కి జరిగింది.

ఇక్కడ నన్ను కాస్త వాదించనివ్వండి. వేటను నిషేధించి యాభై ఏళ్లు దాటింది కానీ వేట గొప్పలను ఎవరూ నిషేధించలేదు. నాలాంటి హేతువాదులం, దయ్యాన్ని చూశానన్నవాణ్ణి సభలో నిలబెట్టి నిలదీస్తాం. పులిని మూడు వందల గజాల నుంచి కొట్టానన్నవాడికి మాత్రం కుర్చీ వేసి కాఫీ ఇస్తాం. అసలు సంగతి ఇది. చిరుత కోసం వేటగాళ్లు మేకను కట్టి, మంచె మీద కూర్చుని, మసక వెలుతురులో ముప్పై నలభై గజాల లోపే పేల్చేవాళ్లు. అంతకు మించితే మచ్చలేవో ఆకుల నీడలేవో తెలియదు. గురి తప్పి గాయపడిన చిరుతను పొదలో వెతకబోయినవాడు తిరిగి రాకపోవచ్చు. మొసలి సంగతి వేరు. అది ఇసుక మీద ఎండకు పడుకుంటుంది, చుట్టూ చాటు ఉండదు, అడుగు చప్పుడుకే నీళ్లలోకి జారిపోతుంది. అందుకని దాన్ని ఇంకాస్త దూరం నుంచి, యాభై నుంచి నూరు గజాల మధ్య కొట్టేవాళ్లు. అంత పెద్ద ఒంటికి మెదడు మాత్రం పిడికెడు కూడా ఉండదు. అది తప్పితే మొసలి మునిగిపోతుంది, ఇక దొరకదు. కాబట్టి వాళ్లూ పొట్ట మీద పాకి, తుపాకీని మూట మీద ఆనించి పేల్చేవాళ్లు. పని తెలిసిన వేటగాడు దగ్గరికి పోవడానికే తంటాలు పడ్డాడు. దూరం గురించిన గొప్పలన్నీ మంచె దిగి ఇంటికొచ్చాక పుట్టినవే.

నా పనిలో దూరం ఇంకా తక్కువ. డార్ట్ గన్ అంటే గ్యాస్ ఒత్తిడితో మందు సూదిని విసిరే తుపాకీ. డార్ట్ బరువైనది, మెల్లగా పోతుంది, దారిలోనే కిందికి వంగుతుంది. దూరం పెరిగేకొద్దీ ఒత్తిడి పెంచాలి. ఒత్తిడి పెరిగితే అది సూదిలా దిగదు, రాయిలా కొడుతుంది. పదిహేను నుంచి ముప్పై మీటర్లు, తొడ కండలో. మాకు తెలిసిన మర్యాద అదే.

తోటకు చేరేసరికి గట్టు మీద ఊరంతా ఉంది. చిరుత కంచె దగ్గర గిరగిరా తిరుగుతోంది. తీగ కట్టిన కర్ర ఊగుతోంది. తోట యజమానురాలు మునెమ్మ నా చేతి సంచి పట్టుకుంది.

"సామీ, అది సచ్చిపోతే మా ఇంటాయన్ని జైల్లో ఏస్తారంట గదా? పందులు కాయంతా తొక్కి పాడు సేస్తా ఉంటే కట్టినాడు. పులొచ్చి పడతాదని ఎవురనుకుంటారు?"

ఆమె భర్త గోవిందస్వామి రేంజర్ మేడమ్ పక్కన తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"బతికించడానికే వచ్చినామమ్మా," అన్నాను.

"బతికితే కేసు కొంచెం తేలికవుతాదని ఆ మేడమ్ సెప్పింది. నీ కాళ్లకు మొక్కుతా సామీ, సావనీయొద్దు."

జయచంద్ర అప్పటికే పంపుసెట్టు గది మీదికెక్కి ఉన్నాడు. దూరం కొలిచే రేంజ్ ఫైండర్ కంటికి పెట్టుకుని, నన్ను చూసి చెయ్యూపాడు. "రా రా డాక్టరూ. డెబ్బై మీటర్లుండాది. గాలి లేదు. మందు నింపి ఇయ్యి, కాఫీ టైముకు ఇంటికి పోదాం."

"ఇవ్వను," అన్నాను.

గట్టు మీది తలలన్నీ నా వైపు తిరిగాయి. అతను కిందికి చూసి నవ్వాడు. "ఏమ్‌రా, కుళ్లా?"

జనం గొల్లుమన్నారు.

"కుళ్లే. ఎన్‌సీసీ నాటి నుంచి కుళ్లే. అయినా ఇవ్వను. నాకు కుళ్లుండాదని చెప్పి డార్టు మెల్లగా తగుల్తాదా?"

అతను దిగొచ్చాడు. నేను గొంతు తగ్గించాను. "పోయినేడు గుట్ట మీద కొట్టినావే, ఆ చిరుత ఏమైందో తెలుసా?"

"అడవిలో వదిలేసుంటారు."

"తొడ ఎముక పగిలింది. పుత్తూరు కట్టు వేసినా నిలిచే ఎముక కాదు. చీము పట్టి చచ్చిపోయింది. కోసి చూసింది నేనే."

అతని మీసం కింద నవ్వు మెల్లగా పోయింది. "నాకెవురూ చెప్పలేదే."

"అడుగులు కొలిచినావు గానీ, అది ఏమైందని అడిగినావా?"

రేంజర్ మేడమ్ మా ఇద్దరి మధ్యకొచ్చారు. "డాక్టర్ గారూ, దగ్గరికెలా పోతారు? మనిషి కనిపిస్తే అది ఎగురుతోంది. ఆ కర్ర ఇంకెంతసేపు ఆగుతుందో తెలీదు."

నిజమే. మనిషిని చూస్తే అది కట్టు తెంచుకునేటట్టు ఎగురుతోంది. కానీ గట్టు మీదుగా కాయలేసుకుని ట్రాక్టరొకటి పోయినప్పుడు చెవులు మాత్రం తిప్పి ఊరుకోవడం నేను చూశాను. కోతల నెల పొడుగునా ఆ తోటల్లో దానికి వినిపించేది ట్రాక్టరు మోతే. ట్రాలీలో ప్లాస్టిక్ క్రేట్లు మనిషెత్తు పేర్పించాను. మధ్యలో జానెడు సందు వదిలించాను. క్రేట్ల వెనక కూర్చుని, ట్రాలీని వెనక్కి నడిపిస్తూ పోతే చాలు.

ఇక మిగిలింది ఒక్కటే. పేల్చేదెవరు?

చిరుత ఒక్కచోట నిలబడటం లేదు. తొడ అటు తిరిగి ఇటు తిరిగేలోపు, జానెడు సందులోంచి కొట్టాలి. ముందు తగిలితే పొట్ట, వెనక తగిలితే ఎముక. నేనూ కొట్టగలను, కొట్టాను కూడా చాలాసార్లు. కానీ నాకంటే మంచి చెయ్యి నా పక్కనే నిలబడి ఉంది. మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఎవరి ఫొటో పడుతుందన్నది ఆమెకు అక్కర్లేదు. హేతువు హేతువు అని సభల్లో బల్ల గుద్దినవాణ్ణి, ఆ నిమిషంలో ఆ హేతువు నన్నే నిలదీసింది.

"చంద్రా, నువ్వే కొట్టు," అన్నాను. "కానీ నేను ఆపమన్న చోటి నుంచి."

"అంత దగ్గర్నుంచి కొడితే నవ్వుతార్రా."

"నవ్వనీ."

ట్రాక్టరు గోవిందస్వామే నడిపాడు. వెనక చక్రాలు వంకర పోనివ్వలేదు. క్రేట్ల వెనక నేను రేంజ్ ఫైండర్‌తో, నా పక్కన జయచంద్ర. పద్దెనిమిది మీటర్ల దగ్గర ట్రాలీని తట్టాను. ఆగింది. ఒత్తిడి తక్కువకు తిప్పి తుపాకీ అతనికిచ్చాను. అతను ఊపిరి బిగబట్టాడు. చిరుత ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది. చిన్న చప్పుడు. డార్టు తోక ఎర్రగా తొడ కండ మధ్యలో నిలబడి ఉంది, నేను చేత్తో గుచ్చినా అంత బాగా దిగదు.

ఎంత అందంగా కొట్టాడో! చూసి ఆనందించాను, అదే ఊపిరిలో కుళ్లుకున్నాను.

గట్టు మీద నుంచి ఒకడు అరిచాడు. "ఇంతేనా? ఈ పాటి దూరానికి మా అవ్వ గూడా కొడతాది!" మళ్లీ నవ్వులు. జయచంద్ర చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు అతను అడుగులు కొలవలేదు.

కాసేపటికి చిరుత తల వాల్చింది. కళ్లకు గుడ్డ కట్టి, తీగ కత్తిరించాం. తీగ చర్మాన్ని కోసింది కానీ లోపలికి పోలేదు. కుట్లు వేసి, బోనులో పెట్టి, మెలకువ తెప్పించే మందిచ్చాను. కొన్ని వారాల తర్వాత దాన్ని అడవిలో వదిలాం. బోను తలుపు తీస్తే తొడ మీద డార్టు గుర్తు కూడా లేకుండా దూకిపోయింది. గోవిందస్వామి మీద కేసు నడిచింది గానీ, జంతువు బతికిందని రాసిన నా రిపోర్టు అతనికి అక్కరకొచ్చింది. డార్టు కొట్టిన మర్నాడు పేపర్లో మాత్రం మళ్లీ టోపీ, మీసం, చిరుత. అంచున నా మోచెయ్యి.

రెండేళ్ల తర్వాత కోతల్లో అటు పోతూ ఫ్యాక్టరీ గేటు దగ్గర టీకి ఆగాను. మునెమ్మ తన ట్రాక్టరు వంతు కోసం అక్కడే బెంచీ మీద కూర్చుని ఉంది. టీ కొట్టతను ఎవరో లారీ డ్రైవరుకు చిరుత కథ చెబుతున్నాడు.

"మా జయచంద్ర దొర సెరువు కట్ట మీద నిలబడి కొట్టినాడప్పా. యాడ కట్ట, యాడ తోట! నూటేబై గజాలుంటాది."

"కట్ట యాడిది?" అంది మునెమ్మ. "మా ట్రాక్టర్లో దగ్గరికి పోయి కొట్టినారు. ఈ డాక్టరు సామి గూడా ఆడనే ఉన్నాడు, అడుగు."

అతను నా వైపు చూశాడు. "మీరు మందు మాత్రమే గదా సార్ ఇచ్చింది?"

నా ఒళ్లు మండింది. అక్కడే జయచంద్రకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "చంద్రా, మునెమ్మ తోటలో చిరుతను ఎంత దూరం నుంచి కొట్టినావో వీళ్లకు చెప్పు."

"పద్దెనిమిది మీటర్లు," అన్నాడు వెంటనే. "దగ్గరికి తీసకపోయింది మా డాక్టరు. వాడు లేకుంటే డెబ్బై నుంచి కొట్టి దాన్ని చంపేసుందును. తాత మొసలి గూడా అంత దూరమేం కాదులే, ఇంట్లో పెద్దోళ్లనడిగినా."

ఫోన్ పెట్టేశాను. ఇక తిరుగులేదనుకున్నాను. టీ కొట్టతను గ్లాసు కడగడం ఆపి, లారీ డ్రైవరు వైపు తిరిగి తల ఊపాడు.

"సూసినావాప్పా, ఎంత పెద్ద మనిషో! నూటేబై గజాల నుంచి కొట్టి గూడా పద్దెనిమిదే అంటాడు."

మునెమ్మ నన్ను చూసి పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గురి వాడిది, ఫొటో వాడిది, ఇప్పుడు నిజం చెప్పిన పేరు కూడా వాడికే పోయింది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది చిన్న విషయమే. ఈర్ష్య పడేవాడి లెక్క తప్పయి ఉంటుందని కొట్టిపారేయకండి. టేపు పట్టుకుపోయి కొలుచుకోండి. మునెమ్మ తోటలో ఆ కంచె ఇప్పటికీ ఉంది, ట్రాలీ ఆగిన చోటు ఆమె చూపిస్తుంది. పద్దెనిమిది మీటర్లు.