దబ్బనం ఈగ

మొన్న మా మనవరాలు మొగుడంపల్లి వైపు గుట్టల్లో తీసిన ఫొటో ఒకటి నా ముందు పెట్టి, ‘నానమ్మా, ఇది తేనెటీగనే గదా?’ అన్నది. బొద్దుగా, ఒళ్లంతా గోధుమరంగు నూగుతో, ఎవరు చూసినా తేనెటీగే అనుకునే పురుగు. అద్దాలు తుడుచుకుని రెక్కలు చూశాను. అటొకటి, ఇటొకటి, రెండే. మూతి దబ్బనంలా ముందుకు పొడుచుకొచ్చి ఉంది. కాదమ్మా, ఇది వట్టి ఈగ, కుట్టదు అన్నాను గానీ, ఆ గుర్తులు నేను ఎంత భయంలో నేర్చుకున్నానో దానికేం తెలుసు!

మాది ఝరాసంగం దగ్గరి పల్లె. డెబ్బైల్లో, నేను బడికి పోయే రోజుల్లో, నువ్వుల పూత మీది తేనెటీగ మా చెల్లెలిని కుట్టింది. మన ఈడువాళ్లం చిన్నప్పుడు కుట్టించుకోనిదెవరం, సున్నం రాసుకుని మళ్లీ ఆటకు పోలేదూ? దానికి మాత్రం పెదవులుబ్బి, కళ్లు మూసుకుపోయి, ఊపిరి ఈల వేసినట్టు వినబడసాగింది. నాయన భుజాన వేసుకుని రోడ్డుదాకా ఉరికి, దొరికిన లారీ ఎక్కి జహీరాబాద్ దవాఖానకు చేర్చాడు. బతికింది. మళ్లొకసారి కుడితే నా చేతుల ఉండదని డాక్టరు అన్నాడట.

ఆ మాటతో మా ఇంట్లో అందరికీ నిద్ర కరువైంది. బతుకమ్మ నాడు కూడా చెల్లి తంగేడు పూల దగ్గరికి రాకుండా ఇంటి కడప లోపలే నిలబడి చూసేది. అన్నింటికంటే మాకు భయం దబ్బనం ఈగంటే. ఆ పేరు మేం పెట్టుకున్నదే. గాలిలో కదలకుండా నిలబడి, అంత పొడవు మూతి చూపిస్తుంటే, అదే కొండి అనీ, అది దిగితే పిల్ల అక్కడికక్కడే పోతుందనీ అనుకునేవాళ్లం. కుట్టేది మూతితో కాదు గదా, వెనకనుంచి గదా అన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ఆ చలికాలం జొన్నచేలో పిట్టలు కొట్టడానికి నేనూ నాయనమ్మా పోతుంటే, చెల్లి ఏడ్చి ఏడ్చి వెంట వచ్చింది. చేను చుట్టూ పశువులు రాకుండా వేసిన కుసుమ విరగబూసి ఉంది. మంచుకు తడిసిన గొంగడిని నాయనమ్మ ఆ మొక్కల మీదే ఆరేసి, చెల్లిని పూలకు దూరంగా ఒక బండ మీద కూర్చోబెట్టింది. ఎండ పొడ పడిందో లేదో, దబ్బనం ఈగ వచ్చి సరిగ్గా చెల్లి మొహం ముందు నిలబడింది. చెల్లి అరవలేదు, నా వైపు చూస్తూ లంగా తడుపుకుంది. ‘ఓ యమ్మో, పిల్ల పోతదే!’ అని కేకపెట్టి నాయనమ్మ గొంగడి గుంజుకొచ్చి చెల్లిని నిలువునా కప్పేసింది.

ఈగ చటుక్కున తప్పుకుని పక్కన బండ మీద వాలింది. రెక్కలు ముడవకుండా పరిచే ఉంచింది. అంత దగ్గరగా అప్పుడే చూశాను, రెండే రెక్కలు, సన్నటి కాళ్లు, వాటికి పుప్పొడి ముద్దలు లేవు. అది కదలకుండా కూర్చుంది, అయినా ఝుమ్మనే చప్పుడు ఆగలేదు. గొంగడి లోపలినుంచి వస్తోంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కుసుమ పూల మీది తేనెటీగను గొంగట్లో చుట్టి తెచ్చి పిల్ల మీద కప్పేశాం! నేను గొంగడి లాగబోతే నాయనమ్మ నా రెక్క పట్టుకుని, ‘పిసలేసిందా నీకు, ఈగ ఈడనే ఉన్నది, కుడతదే!’ అని వెనక్కి గుంజింది. విడిపించుకుని లాగి పారేశాను. తేనెటీగ చెల్లి మెడ దగ్గర జడలో చిక్కుకుని కొట్టుకుంటోంది. గుప్పిట పట్టి నలిపేశాను. అరచేయి భగ్గుమంది. చెల్లి కళ్లు తెరవకుండానే, ‘అక్కా, కుట్టిందా నన్ను?’ అని అడిగింది. లేదే, లేదే అంటూ పొద్దుగూకేదాకా దాని ఊపిరి వింటూ కూర్చున్నాను.

ఇప్పుడది మనవలనెత్తింది. నిరుడు అక్కాచెల్లెళ్లం మళ్లీ ఆ చేనుకు పోయాం. జొన్న లేదు, కుసుమ లేదు, కంటికానినంత దూరం పత్తి పూసి ఉంది, కొట్టిన పురుగుమందు వాసన ఇంకా పోలేదు. గట్టు మీద చాలాసేపు కూర్చున్నా ఒక్క పువ్వు మీద ఒక్క పురుగు వాలలేదు. ‘ఇప్పుడు జర నిమ్మళమే అక్కా, ఏం ఫికర్ లేదు’ అని చెల్లి కొంగు తల కింద పెట్టుకుని పడుకుంది. ఇన్నేళ్లకు దానికి నిమ్మళం దొరికిందని నేనూ సంతోషపడాలనే చూశాను, నా వల్ల కాలేదు. అంత పూత మీద అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. నిద్రపోతున్నదాన్ని లేపి, పోదాం పదవే అని తొందరపెట్టి ఇంటికి తీసుకొచ్చేశాను.