సాలవ్వ మొగురాలకు వేసిన రంగు

ఎవరైనా మేలు చేస్తే, చేసినవాళ్లు మర్చిపోయినా మా మేనత్త సాలవ్వ మర్చిపోదు. కామారెడ్డి పాత బజారులో నా స్నేహితుడు దివాకర్ వాళ్ల పెద్దింట్లో ఆమె ఉంటున్నది కూడా అలాంటి మేలు వల్లనే. మామ చనిపోయిన ఏడాది వానలకు దోమకొండలో ఆమె మట్టి ఇల్లు కూలింది. బీడీల చాట చంకన పెట్టుకుని వచ్చిన మనిషిని దివాకర్ వాళ్లమ్మ శాంతవ్వ లోపలికి పిలిచి, దర్వాజ పక్క గది ఇచ్చింది. కిరాయి మాట ఎత్తనివ్వలేదు.

పందొమ్మిదో శతాబ్దంలో, నిజాం కాలంలో, ఒక బట్టల వ్యాపారి కట్టించిన ఇల్లు అది. నడుమ ఆకాశం కనిపించే భవంతి వాకిలి, చుట్టూ మొగురాలనే టేకు స్తంభాలు, వాటి తలల మీద చెక్కిన చిలకలు, మందపాటి డంగు సున్నం గోడలు. నడి ఎండాకాలంలో కూడా అక్కడ తునికాకు తడి ఆరదు. అందుకే వాడకట్టు ఆడవాళ్లంతా బీడీలు చేయడానికి అక్కడికే చేరేవారు. శాంతవ్వ పోయాక దివాకర్ నిజామాబాద్‌లో స్థిరపడ్డాడు. ఇంటిని కనిపెట్టుకుని ఉన్నది అత్తే. ఏటా బతుకమ్మకు ముందు గోడలన్నిటికీ తానే సున్నం వేసేది. శాంతవ్వ వేయించేదట, కాబట్టి ఆపకూడదట.

ఈమధ్య దివాకర్ దాయాదులు ఇల్లు కూల్చి షాపులు కట్టాలని పట్టుబట్టారు. రక్షిత కట్టడంగా ప్రకటిస్తే తప్ప ఇల్లు దక్కదని అతను దరఖాస్తు పెట్టాడు. ఇల్లు పోతే అత్త గదీ పోయినట్టే, నా బెంగ అదే. పరిశీలనకు అధికారులు వస్తున్నారు, ఇల్లు కొంచెం నీటుగా ఉంచమని అతను అత్తకు ఫోన్ చేశాడు.

ఇక ఆమెకు పెండ్లి వచ్చినంత హడావుడి. చుట్టాలు వస్తుంటే అలుకూ పూతా లేకుండా ఎలా? బీడీల ఆడవాళ్లను వెంటేసుకుని మొగురాలన్నిటికీ, చిలకలతో సహా, మెరిసే ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ వేసింది. నేను వెళ్లేసరికి ముక్కుకు రంగంటించుకుని మురిసిపోతోంది. నాకూ బాగానే ఉందనిపించింది, అబద్ధమెందుకు.

పరిశీలనకు వచ్చిన ఇంజనీరు వినీత ఒక మొగురం మీది రంగును గోటితో గీకి చూసింది. పాత చెక్క పాతగానే కనబడాలని, ఈ రంగు కింద ఏముందో తను ఏమని రాయాలని అడిగింది. పరిశీలన కోసమని నిజామాబాద్ నుంచి వచ్చిన దివాకర్ ముఖం మాడిపోయింది. అత్త ఉన్నచోటే కూలబడింది.

"నా చేతులతోనే ముంచిన," అంది.

వినీత లోపలికి వెళ్లి గోడలన్నీ తట్టి చూసి వచ్చింది. ఇలాంటి ఇండ్లకు సిమెంటు పూసి పాడుచేస్తారట. ఇక్కడ సున్నం మీద సున్నమే పడింది కాబట్టి గోడలు చెక్కుచెదరలేదట. చెక్క మీది రంగు తీసే పద్ధతి ఉందని, చిలకలకు ఏమీ కాదని అత్త పక్కన నేల మీద కూర్చుని మరీ చెప్పింది. ఆ పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

కొన్ని నెలలకు, ఇది రక్షిత కట్టడమని ఉత్తర్వు వచ్చింది. దాయాదులు నోరు మూసుకున్నారు. దివాకర్ స్వయంగా వచ్చి, ఇల్లు ఇల్లుగానే ఉండాలని అందులో రాశారని, ఇక ఆ గదిలోంచి ఆమెను ఎవరూ కదిలించలేరని చెప్పాడు.

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నాదేముంది కొడుకా, ఏడనో ఒక తాన ఉంటుంటి. మీ అమ్మ ఇల్లు నిలవడ్డది. ఇగ నాకు రంది లేదు."